సగం చెట్టు ఇచ్చినవాళ్ళ గుడి

లిథారి, మానీ సీమ
లోకం పుట్టిన 6798వ సంవత్సరం, జూలై 2

మా ఫనో అక్కకి, తమ్ముడు నికీతాస్ రాసేది.

మన గుడిని దొంగిలించారు. దొంగ పేరు కర్వునాస్. మన ఊరి నెత్తిన రాతి బురుజు కట్టుకుని, చక్రవర్తి పేరు చెప్పి పన్ను పిండే దొర కర్వునాస్. చీకట్లో కన్నం వేసి కాదు. పట్టపగలు, అందరం చూస్తుండగా, పైకప్పు వేసి మరీ దొంగిలించాడు.

గుడిని ఎవడైనా ఎత్తుకుపోతాడా అని నవ్వకు. పెద్ద ఉపవాసాల్లో భూమి కంపించి యోహాను గుడి కప్పు కూలిందని రాశాను కదా. దొర తన మేస్త్రీలని పంపాడు, సున్నం పంపాడు, పెంకులు పంపాడు. ఊరంతా వెళ్ళి చెయ్యి ముద్దు పెట్టుకొచ్చాం. నేనూ పెట్టుకున్నాను, ఆ పెదవుల్ని ఇప్పటికీ కడుక్కుంటూనే ఉన్నాను. ఇప్పుడు ఏమంటున్నాడో తెలుసా? పడిపోయిన గుడిని లేపినవాడే దానికి స్థాపకుడట. చట్టమే అలా ఉందట. స్థాపకుడంటే ఉత్త గౌరవం కాదక్కా. గుడి ఆస్తి మీద పెత్తనం అతనిది. పాద్రిని పెట్టేదీ తీసేదీ అతనే. గుడి పేరున ఉన్న ఆలివ్ చెట్లు అతని చేతికి పోతాయి. ఆ నూనె దీపానికి పోగా మిగిలింది వితంతువులకీ, దిక్కులేని పిల్లలకీ పంచాలని ఊరు కట్టుబాటు. అమ్మ పోయిన ఏడాది మనిద్దరం ఏం తిని బతికామో నీకు నేను గుర్తుచేయాలా?

అన్నిటికంటే ఘోరం ఇంకోటి ఉంది. తలుపుకి లోపలివైపున, పై గోడ మీద మనవాళ్ళ పేర్లున్నాయి. "ప్రభువా, వీళ్ళని జ్ఞాపకం పెట్టుకో: లియోన్, ఆలుబిడ్డలతో సహా, ఒక చెట్టు. స్తమాతా, సగం చెట్టు. వితంతువు కలీ, పిల్లలతో సహా, బావి పక్క చెట్టు." మన అమ్మ కలీతో సహా ఆ పేర్లన్నిటి మీద కొత్త పూత వేసి, అక్కడ తన బొమ్మ గీయించుకుంటాడట. పట్టుబట్టల్లో, పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని, గుడిని రొట్టెముక్కలా అరచేతిలో పట్టుకుని, క్రీస్తుకి అందిస్తూ! అతను ఇచ్చింది కప్పు. మనవాళ్ళు ఇచ్చింది గోడలు, నేల, చెట్లు, మోసిన ప్రతి రాయీ.

సన్యాసి ఒకాయన మన కొట్టంలో తలదాచుకుని వదిలి వెళ్ళిన కరపత్రాలు నా దగ్గరున్నాయి. ధనవంతుడు కట్టే గుడిలో దేవుడు అద్దెకుంటాడని అందులో ఒకచోట రాశారు. చదివిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. కళ్ళం దగ్గర అందరికీ చదివి వినిపిస్తున్నాను.

ఆగస్టు 29న, యోహాను తల నరికిన పండుగ రోజున, బిషప్ గారు వచ్చి గుడిని మళ్ళీ ప్రతిష్ఠిస్తారు. బలిపీఠం ముందు స్థాపకుడిగా కర్వునాస్ పేరు చదివారా, ఇక అయిపోయినట్టే. అందుకని బావని వెంటనే పంపు. ఆ పేర్లు రాసింది గెర్మానోస్ బావే కదా, వాళ్ళ గురువు దగ్గర పని నేర్చుకునే రోజుల్లో. నీ వంక చూస్తూ రాసినందుకే రెండో వరస వంకర పోయిందని ఊరు ఇప్పటికీ నవ్వుకుంటుంది. ఆయన వచ్చి, ఈ గుడి ఊరిది, నా చేత్తో నేనే రాశాను అని బిషప్ ముందు చెప్పాలి.

అంజూరాలు ఈ ఏడు బాగా కాశాయి. నీ కోసం ఎండబెడుతున్నాను.

కోపంలోనూ నీ తమ్ముడే అయిన
నికీతాస్


మోనెంవసియా
జూలై 10

నా వెర్రి తమ్ముడికి,

నీ ఉత్తరం ఉప్పు పడవ సరంగు తెచ్చిచ్చాడు. ఇస్తూ ఇస్తూ, "మీవాడు బాగా రాస్తాడమ్మా" అన్నాడు. ముద్ర విడగొట్టకుండానే బాగా రాస్తాడని వాడికెలా తెలిసింది? అది కాస్త ఆలోచించు. ఆలోచించి, ఇకనుంచి సగం మాటలు కడుపులోనే పెట్టుకో.

కళ్ళం దగ్గర చదవడం మానెయ్. గోధుమ తూర్పారబట్టుకునేవాళ్ళని తూర్పారబట్టుకోనీ. ఆ సన్యాసి చక్కగా రాసి చక్కగా వెళ్ళిపోయాడు. ఉండేది నువ్వు, బురుజు కిందే.

బావ ఇంట్లో లేడు. పని మీద వెళ్ళాడు. ఎక్కడికని అడక్కు, నేను చెప్పను. ఇక్కడ ఉపవాసాల నుంచీ ఎవరూ ఒక దేవదూత రెక్కకైనా రంగు వేయించలేదు. చేపల అంగడి వెనక ఏరుకొచ్చిన తలకాయలతో పులుసు కాస్తున్నాను. ఒక్కటి మాత్రం చెబుతాను, గట్టిగా పట్టుకో. ఏం చూసినా, ఏం విన్నా, మీ బావ మీద నమ్మకం వదలకు. ఇంతకంటే రాయను.

చంటిదానికి పళ్ళొస్తున్నాయి. పొద్దస్తమానం బావ కుంచె పిడి కొరుకుతోంది. అంజూరాలు పంపు.

మీ అక్క
ఫనో


లిథారి
జూలై 19

థియోఫనో గారికి,

అక్కా అని పిలవడానికి నోరు రావడంలేదు. పని మీద వెళ్ళాడన్నావు, ఎక్కడికని అడక్కన్నావు. అడగను. నిన్న కళ్ళారా చూశాను. కర్వునాస్ కంచరగాడిద ఎక్కి, కర్వునాస్ రొట్టె నములుతూ, కర్వునాస్ గడప తొక్కాడు నీ మొగుడు. మన అమ్మ పేరు మీద సున్నం కొట్టే చిత్రకారుడు ఎవరో కాదు, ఆయనే. నీకు ముందే తెలుసు.

గుడికి వెళ్ళి నిలదీశాను. పరంజా ఎక్కి గోడ తడుపుతున్నాడు. దొర మనుషులిద్దరు తలుపు దగ్గర పాచికలాడుతున్నారు. నన్ను చూసి ఏమన్నాడో తెలుసా?

"ఏం బామ్మర్దీ, ఎండకి వాడిపోయి మేకపిల్లలా అయిపోయావే! మీ అక్క చూస్తే నన్ను తిడుతుంది."

"మా అక్క పేరెత్తకు. పేర్లు పూడ్చడానికి ఎంతిస్తున్నాడు నీకు?"

"తిండి పెడుతున్నాడు. చాలా రోజులైంది చూసి."

"ఆ గోడ మీద ఉన్నది మీ అత్తగారి పేరు. తెలుసా?"

"రాసినవాణ్ణి నేను. నాకు నువ్వు చదివి చెప్పాలా?" అని తొట్టెలో సున్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. "సున్నం పడితే పేరు చస్తుందా?"

"నీ సుత్తి పడితే చస్తుంది!"

"నేను సుత్తి తేలేదు. కావాలంటే నా సంచి వెతుక్కో" అని నవ్వాడక్కా. నవ్వాడు. "మేకల్ని నువ్వు చూసుకో, గోడని నాకొదిలెయ్" అన్నాడు. దొర మనుషులు కూడా నవ్వారు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

నమ్మకం వదలకు అని రాశావు. దొర తిండి తిన్నాక నీ నమ్మకానికి రుచి వచ్చిందేమో. చేపతలల పులుసు తాగేవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ అమ్మని తాకట్టు పెట్టి మాంసం తినేవాళ్ళని ఊరంతటి ముందు పేరు పెట్టి పిలుస్తాను. ధాన్యం కొలిచే రోజున అందరూ కళ్ళానికి వస్తారు. ఆ రోజు మాట్లాడతాను.

అంజూరాలు పంపడం లేదు.

నికీతాస్


మోనెంవసియా
జూలై 26

నికీతాస్,

ఈ ఉత్తరం ఎవడి చేతిలోనైనా పడితే నా మొగుడి మెడకి తాడే. అయినా రాస్తున్నాను. నువ్వు నాకు వేరే దారి మిగల్చలేదు. సరంగుకి ఇవ్వలేదు, మైనం తీసుకెళ్ళే ముసలమ్మ రవిక లోపల పెట్టి పంపుతున్నాను. చదివి కాల్చెయ్.

బావ పక్కనే కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి గోడల సంగతి నాకు కొంచెం తెలుసు. పాత బొమ్మ మీద కొత్త పూత నిలవాలంటే ముందు పాతదాన్ని సుత్తి మొనతో గుంటలు గుంటలుగా పొడవాలి. ఆ గుంటల్లో కొత్త సున్నం వేళ్ళు దిగినట్టు పట్టుకుంటుంది. పొడవకుండా నున్నటి గోడ మీద పూస్తే, పైకి చూడ్డానికి ఏ తేడా ఉండదు. బొమ్మ అందంగానే ఉంటుంది. ఒకటి రెండు చలికాలాలు తడికి ఉబ్బి, ఒకనాడు చెట్టు బెరడు లేచినట్టు లేచి పడిపోతుంది. దొర, దొరసాని, పట్టుబట్టలు, అన్నీ నేలపాలు. కింద మనవాళ్ళ పేర్లు గీత పోకుండా ఉంటాయి. అది ఎప్పుడు పడుతుందో దేవుడికి తెలుసు. పడిననాడు, ఈ గుడి ఎవరిదని అడగడానికి మన దగ్గర గోడ ఉంటుంది.

సుత్తి తేలేదని ఆయన నీకు చెప్పాడు కదరా! అంతకంటే ఇంకెలా చెబుతాడు, తలుపు దగ్గర ఇద్దరు కూర్చుని ఉండగా?

కాదని వస్తే దొర మిస్త్రా పట్నం నుంచి ఇంకొకణ్ణి రప్పించేవాడు. వాడు సుత్తితో వస్తాడు. అందుకే ఈయన ఒప్పుకున్నాడు. మాకు ఆకలి లేదని కూడా చెప్పను. ఆకలీ ఉంది, ఆలోచనా ఉంది. మనిషికి రెండూ ఒకేసారి ఉండకూడదని నీ కరపత్రాల్లో రాశారా?

ఈ ఏడాది నూనె పోతుంది. తెలుసు. స్తమాతా అత్తకి చెప్పుకోలేని కష్టం వస్తుంది. తెలుసు. కానీ పేర్లు బతికితే తర్వాత కొట్లాడొచ్చు.

నీ కాళ్ళు పట్టుకుంటాను. కళ్ళం దగ్గర నోరు తెరవకు.

ఫనో


లిథారి
ఆగస్టు 2

అక్కా,

నీ ఉత్తరం ఒక రోజు ఆలస్యంగా అందింది.

ఎలా రాయాలో తెలియడంలేదు. జరిగింది జరిగినట్టే రాస్తాను. ధాన్యం కొలిచే రోజున అందరూ వచ్చారు. కళ్ళం మధ్య రాతి మీద నిలబడ్డాను. కరపత్రం చదవలేదు, నా మాటలే వచ్చాయి. బావని అమ్ముడుపోయినవాడన్నాను. "చూడండి, ఎంత మర్యాదస్తుడో! గోడ మీద ఒక్క సుత్తి దెబ్బ కూడా పడనివ్వకుండా, చనిపోయినవాళ్ళకి దుప్పటి కప్పినట్టు, మెత్తగా పూడుస్తున్నాడు మనవాళ్ళ పేర్లని!" అని అరిచాను. ఆ మాట నాకు చాలా అందంగా అనిపించింది. రెండుసార్లు అన్నాను.

గుడి కప్పు వేసిన మేస్త్రీ కళ్ళం అంచున లూపిన్ గింజలు ఒలుచుకుంటున్నాడు. మంచివాడే, ఎవరికీ చెడు తలపెట్టడు. తల ఎత్తి, "ఏమన్నావ్ అబ్బాయ్? గోడ పొడవలేదా?" అన్నాడు.

"లేదు! ఒక్క దెబ్బ లేదు!"

మేస్త్రీ పకపకా నవ్వాడు. "అయితే దొరగారి మొహం రెండు వానలకి ఊడి నేల మీద పడుతుందిరా!"

ఊరంతా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. ఎందుకంటే మేస్త్రీకి అర్థమైంది, లియోన్‌కి అర్థమైంది, స్తమాతా అత్తకి అర్థమైంది. బావ ఏం చేస్తున్నాడో అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. దొర మనుషులకి కూడా. నాకే అందరికంటే చివర అర్థమైంది. నేనింకా రాతి మీదే చెయ్యెత్తి నిలబడి ఉన్నాను.

సాయంత్రానికల్లా పూతని ఒక మూల గీకి చూశారు. బావని బురుజులోకి ఈడ్చుకెళ్ళారు. కుడి చెయ్యి రాతి మెట్టు మీద పెట్టించి, గుడి తలుపు అడ్డకర్రతో కొట్టారని పాద్రి కాలినికోస్ చెప్పాడు. వేళ్ళు విరిగాయి. మణికట్టు సంగతి ఇంకా తెలియదు. పాద్రిని ఒక్కసారి లోపలికి పోనిచ్చారు. ఆయన తేనె రాసి, కర్రబద్దలు పెట్టి కట్టొచ్చాడు.

నీ ఉత్తరం మర్నాడు మైనం ముసలమ్మ ఇచ్చింది. చదివాను. కాల్చాను. కరపత్రాలు కూడా అందులోనే పడేద్దామనుకున్నాను, పడేయలేదు. తప్పు వాటిది కాదు.

నన్ను ఏం చెయ్యమంటావో చెప్పు. బురుజుకి వెళ్ళి నా చెయ్యి తీసుకోండని అడిగాను. "నీ చెయ్యి దేనికి పనికొస్తుంది?" అని గెంటేశారు. నన్ను క్షమించమని అడగడానికి కూడా…

నీ తమ్ముడు


మోనెంవసియా
ఆగస్టు 8

నికీతాస్,

నీ క్షమాపణ నాకొద్దు. దాన్ని వండుకు తినలేను, ఆయన చేతికి కట్టు కట్టలేను.

మూడు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. ఇంట్లో ఆయన రంగురాళ్ళన్నీ గూట్లో వరసగా ఉన్నాయి. చంటిది వాటివైపు చెయ్యి చూపించి "నాన్న" అంటోంది. నీ పేరు నా బిడ్డ ముందు ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను. నాలుగో రోజు, ఒట్టు వల్ల ఆయన బయటికి రాడు కదా అనిపించింది.

నల్లపైట వేసుకుని బిషప్ కచేరీకి వెళ్ళాను. లేఖరి ఒకడు, పంటినొప్పితో దవడ కట్టుకున్నవాడు, జాలిపడి రెండు మాటలు చెప్పాడు. గుడిని మళ్ళీ ప్రతిష్ఠించేటప్పుడు, స్థాపకుడి పేరు చదివే ముందు, దీనిమీద ఇంకెవరికైనా హక్కుందా అని బిషప్ అడగాలట. ఎవరూ పలక్కపోతే అక్కడితో సరి. "గోడ మీద రాసి ఉంది అంటే?" అన్నాను. "ఉంటే చూపించండి" అన్నాడు. "గోడ లేకపోతే?" అన్నాను. దవడ కట్టు సర్దుకుని గొంతు తగ్గించాడు. "ఇచ్చినవాళ్ళే నిలబడి, ఫలానా నేను, ఫలానాది ఇచ్చాను అని ఒక్కొక్కరూ చెప్పాలి. ఒకరు చెబితే పిచ్చివాడంటారు. అందరూ చెబితే బిషప్ గారు దొరకిచ్చే స్థాపకుడి పత్రం ఆపక తప్పదు. బిషప్ ఉండగా గొడవ వద్దనుకుంటాడు దొర. మీ ఆయన్నీ అప్పుడే అడగండి, సాక్షిగా కావాలని. బిషప్ పిలిచిన సాక్షిని బురుజులో దాచడం కష్టం" అన్నాడు.

ఇంకో సంగతి. ఇక్కడ రేవు వైపున్న నీళ్ళగేటు దగ్గర విన్నాను. మిస్త్రా నుంచి ఇంకో చిత్రకారుడు మీ ఊరికి బయలుదేరాడు. సంచిలో సుత్తులున్నాయి.

నీకు గొంతు ఉంది. ఊరంతా వినేలా అరవగలవని చూపించావు. ఇప్పుడు అరవొద్దు. ఇంటింటికీ వెళ్ళి, చిన్నగా, ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర కూర్చుని అడుగు. అది నీకు చేతనవుతుందో లేదో చూస్తాను.

పిల్లని తీసుకుని నేను వస్తున్నాను. రేవులో పనిచేసే మనవాళ్ళకి కూడా చెబుతాను. ఎవరొస్తారో తెలియదు.

ఫనో


లిథారి
ఆగస్టు 17

అక్కా,

ఇది నీకు రాస్తున్నాను, కానీ నీ ఒక్కదానికే కాదు. నీళ్ళగేటు దగ్గర మూటలు మోసే మన లిథారివాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా గట్టిగా చదువు. సరంగు వింటే విననీ.

గోడ పోయింది. కన్యమాత పండుగ మర్నాడు మిస్త్రా చిత్రకారుడు పరంజా ఎక్కాడు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకి ముగించాడు. తలుపు దగ్గర నిలబడి చూశాను, పక్కకి పోలేదు. వాడు కోపంతో కొట్టలేదక్కా, అదే భరించలేకపోయాను. ఈలపాట పాడుకుంటూ, గుంట పక్కన గుంట, పొందిగ్గా పొడుచుకుంటూ పోయాడు. లియోన్ పోయాడు. స్తమాతా పోయింది. అమ్మ పేరు మొదటి అక్షరం దగ్గర ఆగి, చెమట తుడుచుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ కొట్టాడు. ఆడవాళ్ళు కొందరు బయట కూర్చుని, శవం లేచేటప్పుడు ఏడ్చినట్టు ఏడ్చారు. ఇప్పుడక్కడ తడి సున్నం మీద కర్వునాస్ టోపీ పూర్తయింది. పై నుంచి కిందికి దిగుతున్నాడు.

నువ్వు చెప్పినట్టే ఇంటింటికీ వెళ్ళాను. నేల మీద కూర్చున్నాను. చాలామంది తలుపు తీయలేదు. లియోన్ తీశాడు.

"మీ బావ చెయ్యి విరగ్గొట్టించావు. ఇప్పుడు మా అందరి చేతులూ అడుగుతున్నావా?" అన్నాడు.

"చేతులు కాదు మామా, నోరు. ఒక్క మాట. మీ పేరు, మీరిచ్చిన చెట్టు."

"చెప్పాక పన్ను రెట్టింపు చేస్తే నువ్వు కడతావా?"

కట్టలేను. అదే చెప్పాను. ఆయన "అబద్ధం చెప్పలేదు. కూర్చో" అని ఇంత బార్లీ రొట్టె పెట్టాడు. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

స్తమాతా అత్త మాత్రం తిట్టిపోసింది. "నేనిచ్చింది సగం చెట్టురా. రెండో సగం నా తోడికోడలిది, అది కర్వునాస్ ఇంట్లో గిన్నెలు తోముతోంది. సగం చెట్టుకి సగం నోరే ఉంటుంది" అంది. "ఆ సగం నోటితోనే రా అత్తా" అన్నాను. "ఊళ్ళో నా సగం నోటికి భయపడని మొగాడు ఎవడున్నాడు?" అని నవ్వింది. నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంట్లో నూనె సీసా బోర్లించి ఉంది.

పాద్రి కాలినికోస్ ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. అతను మాట్లాడితే గుడి పోతుంది, మాట్లాడకపోతే నిద్ర పోతుంది. అయినా నిన్న బావకి రొట్టె తీసుకెళ్ళాడు. చెయ్యి మోచేతిదాకా నల్లబడిందట. జ్వరం ఉందట. నీకు దాచను. కబురేమైనా ఉందా అని పాద్రి అడిగితే బావ ఏమన్నాడో తెలుసా? "మా బామ్మర్ది గొంతు బురుజు దాకా వినిపించింది. మంచి గొంతే. ఈసారి సరైన చోట వాడమనండి."

అందుకని నీళ్ళగేటు దగ్గర కూర్చుని ఇది వింటున్న మీ అందరికీ చెబుతున్నాను. నన్ను నమ్మమని అడగను, నమ్మడానికి నేనేమీ మిగల్చలేదు. మీ అమ్మ పేరు, మీ అయ్య పేరు చదివి వాళ్ళని జ్ఞాపకం పెట్టుకోమని పండుగ పండుగకీ పాద్రి దేవుణ్ణి అడిగేవాడు. ఇక అడగడు. అడగడానికి గోడ లేదు. ఉన్నది మీరే. మీరు రాకపోతే ఆ చెట్లు ఎవరూ ఇవ్వలేదు, ఆ రాళ్ళు ఎవరూ మొయ్యలేదు, మా బావ చెయ్యి ఏ కారణమూ లేకుండానే విరిగింది. బిషప్ వెళ్ళిపోయిన సాయంత్రం ఆయన్ని ఏం చేస్తారో నేను రాయలేను.

భయపడకండి అని కరపత్రాల్లో ఉంటుంది. నేను అలా అనను. నాకూ భయమే, ఇది రాస్తుంటే కూడా. భయపడుతూనే రండి. కత్తులు తేవద్దు, కర్రలు తేవద్దు. దొర కోరుకునేది అదే. పిల్లల్ని తీసుకురండి. పుట్టిన పిల్లలకి పేర్లు లేకపోతే వచ్చేలోపు పెట్టుకోండి, వాళ్ళ పేర్లూ చెబుదాం. ముసలివాళ్ళని గాడిద మీద ఎక్కించి తీసుకురండి. చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు చెప్పండి.

బిషప్ గారు సూర్యుడు కొండ మీదికి రాకముందే పూజ మొదలుపెడతారు. దొర మనుషులు ఆ తర్వాత తలుపు మూస్తారు. కాబట్టి ఆగస్టు 29న, తెల్లవారుజామున, పాద్రి పూజకి పిలుస్తూ చెక్కపలక మీద మొదటి దెబ్బ కొట్టే వేళకి అందరం యోహాను గుడి లోపల ఉండాలి. తలుపు పై గోడ కింద, బలిపీఠం వైపు తిరిగి నిలబడాలి. రెండో దెబ్బదాకా ఆగొద్దు. నేను ముందే వెళ్ళి తలుపు పట్టుకుని ఉంటాను.

నికీతాస్, కలీ కొడుకు